సైన్యం నుంచి వచ్చాక ఎవరికీ అక్కరలేనివాణ్ణయ్యానన్న సోదరుడికి

"సైన్యంలో 20 ఏళ్లు చేసి విజయవాడ వచ్చాను. బ్యాంకులో ఉద్యోగం ఉంది, ఇంట్లో లోటు లేదు. అయినా ఎవరికీ అక్కరలేని మనిషినైపోయినట్టు ఉంది. ఇందులోంచి ఎవరైనా ఎలా బయటపడ్డారు?" అని అడిగారు. నేను సైన్యం సమాచార విభాగమైన సిగ్నల్స్‌లో హవల్దారుగా చేసి గుంటూరు వచ్చినవాణ్ణి. నన్ను నిలబెట్టిన పని చెబుతాను. మనవాళ్ల పింఛను కాగితాల పని పట్టుకోండి. మనవాళ్లంటే వృద్ధులైన మాజీ సైనికులు, అంతకన్నా ముఖ్యంగా వాళ్లు పోయాక మిగిలిన భార్యలు.

జవాన్లలో చాలామందిమి నలభై అటూ ఇటూగా బయటికి వచ్చేస్తాం. ఉద్యోగం ఎలాగో దొరుకుతుంది, పక్కవాడి భారం మోసే అవకాశమే దొరకదు. యూనిట్లో ఒకడి ఇంటి నుంచి చెడు కబురొస్తే బ్యారక్ మొత్తం కదిలేది. ఆ గుణం యూనిఫాంతో పాటు పోదు. దానికి పని చూపించకపోతే లోపలే కుళ్లుతుంది.

నాకు ఆ పని పొన్నూరు వైపు ఒక పల్లెలో కనిపించింది. భర్త 1971 యుద్ధంలో పాల్గొన్న సైనికుడు, ఆమెకు 80 దాటాయి. కుటుంబ పింఛను నెలనెలా పడుతూనే ఉంది. కానీ 80 నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనంగా రావాలి. 85కి 30, 90కి 40, 95కి 50 శాతం, వందేళ్ల వయసుకు మరో పింఛనంత. ఆమెకు ఆ అదనం అసలు మొదలే కాలేదు. కారణం, పింఛను ఉత్తర్వులో ఆమె పుట్టిన తేదీ లేదు. పైగా సైన్యం రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు. ఇలాంటి ఇల్లాళ్లు ఎందరో ఉన్నారు. అడగడానికి హక్కు ఉందని కూడా వాళ్లకు తెలియదు.

అఫిడవిట్, ఆధార్ నకలు, సైనికుడి సర్వీసు వివరాలుండే డిశ్చార్జి బుక్ నకలు జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా భర్త రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు దరఖాస్తు పంపాం. అక్కడ సరిచూసి ప్రయాగ్‌రాజ్‌లోని పింఛను కార్యాలయానికి పంపితే, సవరణ ఉత్తర్వు వస్తుంది. నెలలు పట్టింది, బకాయితో సహా వచ్చింది. కానీ నాకు గుర్తుండిపోయింది డబ్బు పడిన రోజు కాదు. నకళ్ల కోసం డిశ్చార్జి బుక్ తీసినప్పుడు, "ఆయన ఎక్కడెక్కడ పనిచేశారో అందులో ఉందా బాబూ?" అని అడిగారామె. అన్నేళ్లూ పెట్టె అడుగున దాచారు గానీ, ఆమెకు అది చదివి వినిపించినవాళ్లు లేరు. ఒక్కొక్క పేజీ తెలుగులో చెప్పాను. పూర్వీ స్టార్ అని ఉన్నచోట, అది తూర్పున, ఇప్పటి బంగ్లాదేశ్ కోసం జరిగిన పోరులో ఉన్నవాళ్లకు ఇచ్చిన పతకమని చెప్పాను. మనవణ్ణి పిలిచి మళ్లీ చెప్పించారు. నేను ఇంకా అక్కరకొచ్చే మనిషినేనని ఆ పూట నాకు తెలిసింది.

ఇది మీలాంటివాళ్లే చేయగల పని. పెళ్లి, పిల్లల్లాంటి వివరాలను సైనికుడి రికార్డుకెక్కించే పార్ట్ టూ ఆర్డర్ అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు, మనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

నవంబరు వస్తే జీవన ప్రమాణ పత్రాల కాలం, అంటే పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా చూపించే పత్రాలు. పొలం పనుల్లో అరిగిన వేళ్లను యంత్రం పట్టదు. ఫోనులో ముఖం చూపించి ధ్రువీకరించే పద్ధతి 2021లో వచ్చింది. అది నేర్చుకుని ఇంటికే వెళ్లి చేసి పెట్టండి. స్పర్శ్ అనేది రక్షణ శాఖ నడిపే ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ. పింఛను స్పర్శ్‌లోకి మారినవాళ్లకు పింఛను చెల్లించే సంస్థ అన్న చోట స్పర్శ్‌నే ఎంచుకోవాలి. పాత అలవాటు కొద్దీ బ్యాంకు పేరు నొక్కితే పత్రం చేరాల్సిన చోటికి చేరదు.

మీ ఊళ్లోనే చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మన సైన్యం ఇంజనీర్లు వచ్చి గండ్లు పూడ్చారు. నీళ్లు తీశాక సింగ్ నగర్‌లో ట్రంకు పెట్టెల్లో నానిపోయిన డిశ్చార్జి బుక్కులు, పింఛను ఉత్తర్వుల సంగతి ఎవరు చూడాలి? మనమే. స్పర్శ్ ఖాతా తెరిచి ఉన్నవాళ్లకు ఉత్తర్వు ప్రతి మళ్లీ దింపుకోవడం నిమిషాల పని. తెరవనివాళ్లు మళ్లీ మొదటినుంచి రావాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు ఖాతా తెరిపిస్తాను.

జనవరి 26న జెండా దగ్గర నిలబడి దండ వేయించుకోవడం మంచిదే, గౌరవమే. అయితే ఆ గౌరవం మిగతా రోజులకు సరిపోదని నా నమ్మకం. ఇంకొక మాట. నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం కూడా ఉంటే మాజీ సైనికుల ఆరోగ్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో డాక్టరుకు చెప్పండి. సేవ వైద్యానికి బదులు కాదు.

మొదలుపెట్టేందుకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఎవరి దరఖాస్తులు ఎక్కడ ఆగాయో, మీరేం చేయగలరో అడగండి. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోవద్దు, ఆటో ఖర్చు కూడా. వాళ్ల పాస్‌వర్డు మీ దగ్గర రాసుకోవద్దు. ఓటీపీ వాళ్ల ఫోనుకే రావాలి, వాళ్లే చూసి చెప్పాలి. ఈ పేరుతో మోసాలు చేసేవాళ్లు ఉన్నారు కాబట్టి, మీరు వెళ్లిన ప్రతి ఇంట్లో ఫోనులో ఎవరడిగినా ఓటీపీ చెప్పవద్దని కూడా నేర్పించి రండి.