నాటకం చదవకుండా కత్తెర పట్టొద్దు

నాటకాల దుస్తుల గురించి వచ్చిన మూడు ఉత్తరాలకు ఈ నెల జవాబు రాస్తున్నాను. మొదటిది చాలా రోజులుగా నా బల్ల మీదే ఉంది. దానికే ఎక్కువ చోటు తీసుకుంటున్నాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నరసరావుపేట. బీకామ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కిందటేడు కాలేజీ వార్షికోత్సవంలో ద్రౌపదీ వస్త్రాపహరణం వేశాం. అద్దెకు తెచ్చిన చీరకి పిన్నీసులు పెడితే, రిహార్సల్‌లో లాగగానే ఊడిపోయి ద్రౌపది వేసిన అమ్మాయి ఏడ్చేసింది. ఆ రాత్రి అమ్మా నేనూ కూర్చుని లోపలి చీర కుచ్చిళ్లతో సహా లంగాకి కుట్టేశాం. పైన లాగడానికి ఆరు పాత నైలాన్ చీరలు కొసలు కలిపి కుట్టి నడుముకు చుట్టాం. చుట్టుకీ చుట్టుకీ మధ్య రెండు వేళ్ల సందు వదలమని అమ్మ చెప్పింది. నాటకం రోజున చీర వస్తూనే ఉంది, జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. అప్పటి నుంచి ఇదే చదవాలని ఉంది. అన్నయ్యేమో ‘అది ఫ్యాషన్ డిజైనింగే కదా’ అంటాడు. లండన్‌లో నాటకాల దుస్తులకే ప్రత్యేకంగా డిగ్రీ ఉందని నెట్‌లో చూశాను. ఖర్చు విని నాన్న పొలం అమ్ముదామన్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇక్కడ చదివే వీలు లేదా? నాకు బొమ్మలు వేయడం కూడా అంతగా రాదు.

జవాబు: ముందు మీ నాన్నగారికి చెప్పమ్మా, పొలం జోలికి వెళ్లొద్దని. ఆయన ఆ మాట అన్నారంటే నీ మీద ఎంత నమ్మకమో అర్థమవుతోంది. ఆ నమ్మకాన్ని ఇప్పుడే అంత పెద్ద ఖర్చులోకి దింపనక్కర్లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అమ్మగారు వదలమన్న ఆ రెండు వేళ్ల సందు దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. జాకెట్టు కుట్టేటప్పుడు దాన్ని ఎవరో పట్టుకుని లాగుతారని ఎవరూ అనుకోరు. మీ ద్రౌపదిని లాగుతారు. ఆమె గిర్రున తిరగాలి, తిరుగుతూనే కృష్ణుణ్ణి పిలవాలి, ఆ పిలుపుకి కడుపులోంచి ఊపిరి అందాలి. మూడు నిమిషాల పాటు ఇదంతా జరుగుతున్నా లోపలి చీర అంగుళం కూడా కదలకూడదు. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని బట్ట కుట్టడమే నువ్వు చదవాలనుకుంటున్న చదువు. మొదటి పాఠం మీ ఇంట్లోనే, మీ అమ్మగారి దగ్గరే అయిపోయింది.

మీ అన్నయ్య మాటలో కొంత నిజముంది. కత్తిరింపు, బట్ట గుణం, రంగులు రెండు చదువుల్లోనూ నేర్పుతారు. కానీ మనం స్క్రిప్టుతో మొదలుపెడతాం. ఈ మనిషి ఎవరు? ఈ చొక్కా ఎన్నేళ్లుగా వేసుకుంటున్నాడు? ఎవరు కొనిచ్చారు? చిరిగితే కుట్టించుకుంటాడా, అలాగే తిరుగుతాడా? ఫ్యాషన్ క్లాసులో ఈ ప్రశ్నలు రావు. మంచి బట్టని కావాలని పాడుచేయడం కూడా మాకు ఒక పాఠమే. మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్దుతాం. టీ డికాక్షన్‌లో ముంచుతాం. కోటు తడిపి, జేబుల్లో రాళ్లు వేసి ఆరేస్తే, పదేళ్లుగా వాడినట్టు జేబులు కిందికి జారతాయి.

నా సంగతి చెప్తాను. 1990ల్లో ఢిల్లీలో రంగస్థలం చదువుకున్నాను. నా చేతికిచ్చిన మొదటి పాత్ర ఒక రష్యన్ నాటకంలో పెద్దింటి ఆవిడ. శంకర్ మార్కెట్ అంతా తిరిగి ముదురు మెరూన్ బట్ట తెచ్చాను, చాందినీ చౌక్ కినారీ బజార్ నుంచి అంచు తెచ్చాను. పగటి వెలుతురులో గౌను చూసి అందరూ మెచ్చుకున్నారు. నాటకానికి మూడు రోజుల ముందు స్టేజి మీద లైట్లు వేసి చూశాం. అది వెన్నెల సీను, అంతా నీలం లైటు. ఎరుపు బట్ట మీద నీలం వెలుగు పడితే నలుపైపోతుంది. వెనక నల్ల తెర. ఆవిడ ముఖం, చేతులు మాత్రమే గాల్లో తేలుతున్నట్టు కనిపించాయి. పైగా కొడుకు చనిపోయాడని విని నేల మీద కూలబడాలి. మోకాళ్ల దగ్గర నేను బిగువుగా పెట్టిన గౌనులో ఆమె వంగలేకపోయింది. అప్పటిదాకా నేను ఒక్క రిహార్సల్‌కీ వెళ్లలేదు, బట్ట పనిలోనే మునిగిపోయాను. మూడు రాత్రులు కూర్చుని, కోరా బట్టకి బూడిద రంగు వేసి, కింద ఘేరు (చుట్టుకొలత) ఎక్కువ పెట్టి మళ్లీ కుట్టాను. ఆ తర్వాతి నాటకానికి మా టీచర్ నన్ను మొదటి రోజు నుంచీ రిహార్సల్‌లో కూర్చోబెట్టారు, చేతిలో సూది లేకుండా. ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు పరుగెత్తుతున్నారు, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుంటున్నారు, అన్నీ రాయమన్నారు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది.

క్లాసులో నేర్పేవాటిలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఒక చార్టు. నిలువుగా పాత్రలు, అడ్డంగా సీన్లు. ప్రతి గడిలో ఏం వేసుకున్నారో, మార్చుకోవడానికి ఎంత టైముందో రాస్తాం. ఒక గడిలో ‘40 సెకన్లు’ అని వచ్చిందనుకో. పైకి గుండీలు కనిపించాలి, లోపల ప్రెస్ బటన్లు ఉండాలి. వెల్క్రో పెడితే తొందరగా ఊడుతుంది కానీ చర్రుమంటుంది. ముందు సీను నిశ్శబ్దంగా ముగుస్తుంటే ఆ చప్పుడు మూడో వరసదాకా వినిపిస్తుంది. అప్పుడు హుక్కులే గతి. వీటితో పాటు దుస్తుల చరిత్ర, అద్దకం, బడ్జెట్ కూడా ఉంటాయి. నువ్వు బీకామ్ కాబట్టి బడ్జెట్ నీకు తేలిక. నవ్వులాటకి అనడం లేదు. బట్ట తాను ధర, కుట్టుకూలి, ఇస్త్రీ, ఆటో ఖర్చు రాసుకోని డిజైనర్‌ని ఏ నిర్మాతా రెండోసారి పిలవడు.

ఇక ఎక్కడ చదవాలన్నది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది, 1959లో మొదలైంది. మూడేళ్ల కోర్సు. మొదటి ఏడాది అందరూ అన్నీ నేర్చుకుంటారు. రెండో ఏడాది నుంచి నటన ఒక దారి, డిజైన్-డైరెక్షన్ ఇంకో దారి. దుస్తులు ఆ రెండో దారిలో వస్తాయి, సెట్టుతో, లైట్లతో కలిపి. నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. డిగ్రీ ఉండాలి, హిందీ, ఇంగ్లీషు పని నడిచేంత రావాలి, కనీసం ఆరు నాటకాల్లో పనిచేసి ఉండాలి. ఆ ఆరు నాటకాల నిబంధన చాలా మంచిది. రంగస్థలం దుమ్ము తినకుండా లోపలికి రానివ్వరన్నమాట. ఇక్కడే అయితే గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల్లో ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) అనే పీజీ కోర్సు ఉంది. తెలుగు విశ్వవిద్యాలయంలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో కూడా రంగస్థల కళల శాఖలున్నాయి. ఇవేవీ దుస్తులొక్కటే నేర్పే కోర్సులు కావు. నీ దశలో అదే మేలని నా అభిప్రాయం. లైటు వేసేవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్న అమ్మాయి నాలాగా మెరూన్ బట్ట కొనదు.

లండన్ సంగతి. నువ్వు చూసింది లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్‌లోని ‘కాస్ట్యూమ్ ఫర్ పెర్ఫార్మెన్స్’ అయి ఉంటుంది, మూడేళ్ల బీఏ. మంచి చదువు, సందేహం లేదు. అక్కడి రంగస్థలంలో గీసేవాళ్లు వేరు, ప్యాటర్న్ కత్తిరించేవాళ్లు వేరు, కుట్టేవాళ్లు, అద్దేవాళ్లు, తెర వెనక తొడిగేవాళ్లు వేరు. ప్రతిదీ ఒక ఉద్యోగం. మన దగ్గర ఆ ఐదు పనులూ ఒక్క మనిషే చేస్తుంది. మన దేశం నుంచి వెళ్లేవాళ్లకి ఫీజూ, ఉండే ఖర్చూ కలిపితే మూడేళ్లకి కోటి దాటే లెక్క. ఇక్కడ నాలుగైదేళ్లు పనిచేసి, నువ్వు చేసిన నాటకాల ఫొటోలు చేతిలో పెట్టుకుని, స్కాలర్‌షిప్ వెతుక్కుంటూ పీజీకి వెళ్లు. అప్పుడు వాళ్లని ఏం అడగాలో నీకే తెలుస్తుంది.

బొమ్మల గురించి భయపడకు. ‘గాంధీ’ సినిమా దుస్తులకి 1983లో ఆస్కార్ అందుకున్న భాను అథైయా బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివిన చిత్రకారిణి, నిజమే. కానీ బొమ్మ గీసేది టైలర్‌కీ డైరెక్టర్‌కీ అర్థం కావడానికి. సన్నటి గీతల మనిషిని గీసి, పక్కన బట్ట ముక్క అంటించి, ‘ఇక్కడ మూడంగుళాలు వదులు’ అని రాసినా పని జరుగుతుంది. రోజూ అరగంట గీస్తే ఆరు నెలల్లో చెయ్యి తిరుగుతుంది.

డబ్బు విషయం దాచను. ఒక్క తెలుగు నాటకం మీదే బతకడం కష్టం. సినిమాలు, సిరీస్‌లు, నృత్య బృందాలు, ప్రకటనలు అన్నీ కలిపితే ఇల్లు గడుస్తుంది. సినిమాలో మొదట అసిస్టెంట్‌గానే తీసుకుంటారు. ఏ షాట్‌లో ఏ గుండీ విప్పి ఉంది, ఏ చేతికి మట్టి అంటింది అని ఫొటోలు తీసి దాచే పని. విసుగనిపించినా ఒక ఏడాది చెయ్యి.

ఈ వేసవిలో రెండు పనులు చెయ్యి. మీ గుంటూరు, పల్నాడు వైపు పరిషత్తు నాటకాలకు, అంటే పోటీల్లో ఆడే నాటకాలకు కొదవ లేదు. ఏదో ఒక సమాజం దగ్గరికి వెళ్లి, దుస్తులు నేను చూసుకుంటానని అడుగు. నీ ఆరు నాటకాల లెక్క అక్కడ మొదలవుతుంది. రెండోది, సత్యభామ కథ ఆడే కూచిపూడి నాట్యం భామాకలాపం చూడు, వీలైతే కూచిపూడి ఊళ్లోనే. సత్యభామ ముఖం కనిపించకముందే తెర మీదుగా జడ వేస్తుంది. నాతో పోటీకి వచ్చేవాళ్లున్నారా అని ఆ జడ అడుగుతుంది. నాగరం, సూర్యచంద్రులు, ఇలా నగలన్నీ పెట్టిన బరువైన జడ. అది ఆమె పొగరు, సింగారం కూడా. దాన్ని తలకి ఎలా కట్టారో, అంతసేపు ఆడినా ఎందుకు జారలేదో వెనక్కి వెళ్లి వాళ్లనే అడుగు. మీ అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లు. నువ్వు గమనించనిది ఆవిడ గమనిస్తారు.

ప్రశ్న: మాది సిద్దిపేట. మా అబ్బాయి ఇంటర్ అయిపోయింది. నాటకాలకి బట్టలు డిజైన్ చేసే చదువు చదువుతానంటున్నాడు. మగపిల్లాడికి కుట్టుపనేమిటని చుట్టాలు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, మీ పెళ్లి సూటు కుట్టింది ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. మీ తెలంగాణలో చిందు యక్షగానం ఆడే కుటుంబాల్లో కిరీటాలు, భుజకీర్తులు మగవాళ్లు చేసుకుంటూనే వచ్చారు. కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మగారు మగవారై ఉండి సత్యభామ వేషం కట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. చుట్టాల సంగతి ఇంతటితో వదిలేయండి. అబ్బాయికి ముందు ఏదైనా డిగ్రీ కావాలి. హైదరాబాద్ మాదాపూర్‌లో నిఫ్ట్ అనే ఫ్యాషన్ విద్యాసంస్థ ఉంది, ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్ల బీడిజైన్‌లో చేరొచ్చు. తెలుగు సాహిత్యంలో బీఏ చేసినా నాకు సంతోషమే, నాటకాలు చదవడం వస్తుంది. రెండిట్లో ఏది చేసినా ఆదివారాలు ఏదో ఒక నాటక బృందంతో గడపనివ్వండి. 1885 నుంచి నాటకాలాడుతున్న సురభి బృందం వాళ్ల నాటకం ఒకటి మీరిద్దరూ కలిసి చూడండి.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పద్యనాటక సమాజం. వెల్వెట్ దుస్తులు ఉతకడానికి లేదు, చెమట వాసన పోవడం లేదు. ఏదైనా మార్గం చెప్పండి.

జవాబు: లండన్ థియేటర్లలో చవక వోడ్కాలో నీళ్లు కలిపి చంకల దగ్గర చల్లుతారు. వాసన పుట్టించే క్రిములు ఆల్కహాల్‌కి చస్తాయి, అది ఆరిపోయాక మరక మిగలదు. మీరు మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో సగం నీళ్లు కలిపి వాడండి. ముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి రంగు పోతుందేమో చూడండి. జరీ మీద పడనివ్వొద్దు. దీపం, సిగరెట్ దగ్గర అసలు వద్దు, అంటుకుంటుంది. ఇక ముందు జాగ్రత్త. నటులందరికీ లోపల కాటన్ బనియన్ తప్పనిసరి చేయండి. చంకల్లో నూలు బట్ట మెత్తలు నాలుగు ప్రెస్ బటన్లతో పెట్టిస్తే, ఆ మెత్తలు మాత్రమే విప్పి ఉతుక్కోవచ్చు. ఒక్కో దుస్తుకి రెండేసి జతల మెత్తలు కుట్టించండి. నాటకం అవగానే ఆ తడి మీదే మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేస్తున్నారనుకుంటాను. బస్సెక్కే ముందు గంటసేపైనా తిరగేసి తీగ మీద వేలాడనివ్వండి.