జనరేటర్ తాళం ఎవరి దగ్గరుంది పాపా?

పాపా, నీ ప్రాజెక్ట్ శాంక్షన్ అయిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పటి నుంచి నాకు కాలు ఒక చోట నిలవడం లేదు, సంతోషమూ ఉంది, భయమూ ఉంది. మూడేళ్లు, చెనక్కాయ చేలల్లో మట్టి శాంపిల్స్, నీ కింద ఇద్దరు పిల్లలు. కరెంటు పోతే ఎట్ల అని అడగమంటే, జనరేటర్ ఉందిలే అని నవ్వినావంట. ఆ మాటకే కోపమొచ్చి ఇది రాస్తున్నా.

డేటా మూడు చోట్ల పెట్టు, ఒకటి ఊరి బయట. పరికరాల ఆర్డర్ ముందే పెట్టు, మార్చి 31 దాకా ఆగొద్దు. మన పక్క వానకి పండే పంట, జూన్ జులైలో విత్తనం పడకపోతే నీకు పోయేది నెల కాదు, ఏడాది.

నా ప్రాజెక్టుకి నేనూ రిస్క్ రిజిస్టర్ వేసినా, అంటే ఏమేం చెడిపోవచ్చో రాసుకునే పట్టీ. జరిగే అవకాశానికి ఐదుకి ఇన్ని, నష్టానికి ఐదుకి ఇన్ని మార్కులేసి గుణించడమే కదా. కెమికల్స్ లేటవడం 4 ఇంటూ 2, 8. రెండ్రోజులు కరెంటు పోవడం 1 ఇంటూ 5, 5, అందుకే అది అడుగున పడింది. పక్కన ‘జనరేటర్ ఉంది’ అని రాసినా, ఎవరు చూస్తారో రాయలేదు.

ఆ నవంబర్లో వాయుగుండం పట్టింది, సెలవులిచ్చినారు, కరెంటు పోయింది. జనరేటర్ రూమ్ తాళం ఉన్నాయన మాల వేసుకుని శబరిమల పోయినాడు. డీజిల్ మేడమ్ చూసుంటుందని మా కుర్రోడు, వాడు చూసుంటాడని నేను. మూడో రోజు పోయి శాంపిల్స్ దాచిన మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ తెరిస్తే డ్రాయర్లో నీళ్లు నిలబడి ట్యూబులు తేలుతున్నాయి, మూతల మీద నేను రాసిన ఇంకు కారి వేళ్లకి నీలంగా అంటుకుంది, ఏది పీలేరుదో ఏది కుప్పందో తెలీలేదు. మూడు సీజన్ల ఆకులమ్మా. ఆ రాత్రి మీ తాత ఒక్క మాట అడక్కుండా అన్నం కలిపి నోట్లో పెట్టినాడు.

2021 నవంబర్లో తిరుపతి వీధుల్లో వరద పారినప్పుడు కూడా నాకు ఆ ఫ్రీజరే గుర్తొచ్చింది.

అందుకే చెప్తున్నా, నష్టం 5 ఉన్నవన్నీ తీసి వేరే కాగితంలో రాయి, గుణిస్తే ఎంతొచ్చినా సరే. ఒక్కోదానికి ఒక మనిషి పేరు, ఆ మనిషి లీవులో ఉంటే ఎవరో ఇంకో పేరు. నెలకోసారి ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని మెయిన్ ఆపి జనరేటర్ అందుకుంటుందో లేదో నీ కళ్లతో చూడు. శాంపిల్స్ సగం వేరే బిల్డింగ్‌లో పెట్టు, లేబుల్ పెన్సిల్‌తో రాయి.

తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని ఈ రాత్రే ఫోన్ చెయ్, పదకొండయినా పర్లేదు, మేలుకునే ఉంటా. చెనక్కాయ ఉండలు చేసిపెట్టినా, ఆదివారం వచ్చి తీసుకుపో, ఆ పిల్లలిద్దరికీ కూడా పెట్టు.

మీ పెద్దమ్మ