బరువు సంగతి తర్వాత, ముందు బలం చూసుకో

విద్యానగర్,
హైదరాబాద్.

చిరంజీవి స్వప్నకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన రిపోర్టులు కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను. మూడు నెలల షుగర్ సగటు (HbA1c) 6.0, హిమోగ్లోబిన్ 10.2. కింద నీ ప్రశ్న: "పాప ఓణీల ఫంక్షన్ లోపు పది కిలోలు తగ్గాలి పెద్దమ్మా, ఏ జిమ్‌లో చేరమంటావు?" ఫోన్‌లో ఇంత కొట్టే ఓపిక నాకు లేదు, అందుకే కాగితం మీద రాసి పంపుతున్నా. అల్లుడికి కూడా చదివి వినిపించు. అతని పొట్ట సంగతి మొన్న పెళ్ళిలో నేను గమనించాను.

ఆ పది కిలోల మాట కొన్నాళ్ళు పక్కన పెట్టు. నాలుగు నెలలు కడుపు మాడ్చుకుంటే బరువు తగ్గుతుంది, అనుమానం లేదు. కానీ కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. ఫంక్షన్ అయిపోయి మళ్ళీ మామూలు తిండిలో పడ్డాక తిరిగి వచ్చేది ఎక్కువగా కొవ్వే. ఫొటోలు బాగానే వస్తాయి, మనిషి మాత్రం మునుపటికంటే నీరసంగా తయారవుతుంది. నీకు నలభై ఒకటి దాటాయి. ఇప్పుడు నువ్వు సంపాదించుకోవాల్సింది బలం. ఏదో ఒకటి కొలవకపోతే నీకు తోచదు కాబట్టి టేపు తీసుకుని నడుము కొలిచి రాసిపెట్టుకో. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకపోతే మంచిదంటారు. ఆ వెయింగ్ మెషీన్‌ను మంచం కిందకు తోసెయ్.

వ్యాయామం కంటే ముందు రక్తం సంగతి. మన ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా ఇలాగే ఉన్నారని తేలింది. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోందని, నీకు బద్ధకం పెరిగిందని నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావు కదా, బద్ధకం కాకపోవచ్చు తల్లీ. డాక్టరుకు చూపించి, ఐరన్ మాత్రలు రాస్తే చెప్పినన్ని నెలలూ వాడు. నెలసరిలో ఎక్కువగా పోతుంటే అది కూడా దాచకుండా చెప్పు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానెయ్, తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగు, ఇరానీ చాయ్ ఎక్కడికీ పారిపోదు. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా పడుతుంది. ఇంకొకటి. రక్తం తక్కువగా ఉన్నప్పుడు ఆ మూడు నెలల షుగర్ లెక్క కొంచెం అటూ ఇటూ చూపించవచ్చు. 5.7 నుంచి 6.4 వరకు షుగర్‌కు ముందు మెట్టు అంటారు, నీది అందులో పడింది. రక్తం సరయ్యాక మళ్ళీ చేయించి చూడు. ఇప్పటి నుంచే టెన్షన్ పడి గూగుల్ చేస్తూ కూర్చోకు.

ఆదివారం ఆదివారం బొటానికల్ గార్డెన్‌లో నడుస్తున్నానన్నావు. మంచిదే, మానకు. కానీ నడక ఒక్కటే చాలనుకునే వాళ్ళను మా సుందరయ్య పార్కులో రోజూ చూస్తుంటాను. ఏళ్ళ తరబడి అదే వేగం, అవే కబుర్లు, ఒక్క రోజు నాగా ఉండదు. వాళ్ళే సత్యనారాయణ వ్రతానికి వస్తే కింద కూర్చోలేరు, కూర్చుంటే ఇద్దరు చెయ్యిస్తే తప్ప లేవలేరు. నడక గుండెకు, షుగర్‌కు, మనసుకు మేలు చేస్తుంది. చేతులకు, వీపుకు, తొడలకు కావాల్సిన బలం దానితో రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుగ్గా నడవమన్న మాట అందరికీ గుర్తుంటుంది. వారంలో కనీసం రెండు రోజులు ఒంట్లోని పెద్ద కండరాలన్నిటికీ పని చెప్పమన్న మాట కూడా అందులోనే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఎందుకంత ముఖ్యమంటే, తిన్న అన్నంలోంచి వచ్చే చక్కెరకు కండరమే పెద్ద గాదె. పని చేస్తున్న కండరం రక్తంలోని చక్కెరను తనంతట తానే లాక్కుంటుంది. గాదె చిన్నదైతే చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. ముప్పై దాటాక కండ నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఆపైన మన దగ్గర చాలామందికి 46, 47 ఏళ్ళకే నెలసరి ఆగిపోతుంది. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు ఎముకలు వేగంగా గుల్లబారతాయి. బరువు ఎత్తితే ఎముక గట్టిపడుతుంది. నీకు ఇంకా అయిదారేళ్ళు టైముంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

బరువులెత్తితే మగవాళ్ళలా కండలు తిరుగుతాయని భయపడకు. అలా తిరగడానికి కావాల్సిన హార్మోన్ మనలో చాలా తక్కువ. నేను స్కూల్లో పీఈటీగా ఉన్నప్పుడు ఆడపిల్లల తల్లులు "మా పిల్లకు ఈ ఎగురుడు దుంకుడు ఎందుకు టీచర్" అని కొట్లాటకు వచ్చేవాళ్ళు. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం పిల్ల కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆ తర్వాత ఆ తల్లులు కొంచెం మెత్తబడ్డారు. పూర్తిగా కాదులే.

ఇక చేయాల్సిన పని. మొదటి రెండు నెలలకు నీకు జిమ్ అక్కర్లేదు. వారంలో రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు గ్యాప్, అరగంట చాలు.

డైనింగ్ టేబుల్ కుర్చీని గోడకు ఆనించి పెట్టు. చేతులు ముందుకు చాచి, నెమ్మదిగా కూర్చుని, చేత్తో ఆసరా తీసుకోకుండా లే. పిరుదులు కుర్చీకి తగలగానే లేవాలి, ధబాలున కూలబడకూడదు. మోకాళ్ళు లోపలికి ముడుచుకోకుండా పాదాల వేళ్ళ వైపే ఉండాలి. అది తేలికయ్యాక కుర్చీ తీసేసి అలాగే చెయ్యి. మనం పిల్లలతో శిక్షగా తీయించిన గుంజీళ్ళు ఇవే. ఒంటికి అంతకంటే మేలు చేసే పని ఇంకొకటి దొరకడం కష్టం, దాన్ని తీసుకెళ్ళి శిక్ష చేశాం. చేతులకూ ఛాతీకీ గోడ దండీలు. గోడకు బారెడు దూరంలో నిలబడి, చేతులు ఆనించి, ఛాతీ గోడ దాకా తెచ్చి నెట్టు. కొన్ని వారాల తర్వాత గోడ బదులు వంటింటి గట్టు, ఆ తర్వాత నేల. తొందర లేదు.

వీపును అందరూ మర్చిపోతారు. రోజంతా లాప్‌టాప్ ముందు వంగి కూర్చునే నీకు అదే ఎక్కువ అవసరం. పాప పాత స్కూల్ బ్యాగులో అయిదు కిలోల బియ్యం ప్యాకెట్ వెయ్యి. ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి వంగి, రెండో చేత్తో బ్యాగును నడుము దాకా లాగు. మోచెయ్యి వెనక్కి వెళ్ళాలి. అదే బ్యాగును రెండు చేతులతో పట్టుకుని, వెన్ను నిటారుగా ఉంచి, తుంటి దగ్గర మాత్రమే వంగి లేవడం కూడా నేర్చుకో. వాటర్ క్యాన్ ఎత్తబోయి నడుం పట్టేసిందని మంచమెక్కే వాళ్ళకు రాని విద్య ఇదే. నిండు క్యాన్ 20 కిలోలుంటుంది, దాని జోలికి ఇప్పుడే పోకు.

ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, కాసేపు ఆగి మళ్ళీ ఇంకోసారి. చివరి రెండూ కష్టంగా అనిపించాలి. 12 కూడా ఆడుతూ పాడుతూ చేసేస్తున్నావంటే బ్యాగులో ఇంకో కిలో వేసే టైమొచ్చిందన్న మాట. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఏడాది తర్వాత కూడా అదే రెండు కిలోల డంబెల్‌తో చేతులూపుతుంటారు. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకు, బయటికి వదులు. మర్నాడో, ఆ పై రోజో తొడలు పట్టేస్తాయి, మెట్లు దిగేటప్పుడు నన్ను తిట్టుకుంటావు. అది రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం వేరే సంగతి, ఆపెయ్యాలి. ఛాతీలో బరువుగా ఉన్నా, ఎడమ చెయ్యో దవడో లాగినా, చల్లచెమటలు పట్టినా గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. 108కి ఫోన్ చెయ్యి. అల్లుడికి ఈ ముక్క రెండుసార్లు చదువు.

జిమ్‌లో చేరాలనే ఉంటే ఆ తర్వాత చేరు. ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దగ్గరగా ఉన్నదే చూసుకో. గచ్చిబౌలి ట్రాఫిక్ దాటుకుని వెళ్ళే జిమ్ ఎంత పెద్దదైనా రెండో వారానికి మానేస్తావు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టకు, ఆఫర్ ఈ రోజుతో అయిపోతుందని ఎంత చెప్పినా సరే. ట్రైనర్ నీ పాత నొప్పులు, మందులు అడిగి, నువ్వు చేసేది పక్కన నిలబడి సరిదిద్దితే మంచివాడు. మొదటి రోజే పౌడర్ డబ్బా చేతిలో పెడితే వేరే జిమ్ వెతుక్కో.

ఇంకో సంగతి. మీ అమ్మ నీతో దీని గురించి మాట్లాడి ఉండదు. దగ్గినా, తుమ్మినా, ఎగిరినా మూత్రం చుక్క పడుతోందని మన ఇళ్ళల్లో ఎంతమంది నోరు నొక్కుకుని బతుకుతారో. కాన్పులైన వాళ్ళలో ఇది మామూలే, అలాగని భరించాల్సిన పని లేదు. మూత్రం ఆపుకున్నట్టుగా కింది కండరాలను బిగించి, అయిదు లెక్కపెట్టి వదలాలి. ఒక విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయకూడదు. ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది. తగ్గకపోతే గైనకాలజిస్టును అడుగు, నేర్పించే ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. అంతవరకు జుంబా గంతులు వద్దు.

తిండి గురించి డైట్ చార్టులు రాయను. మా పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళ లెక్క ప్రకారం ఒంటి బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రొటీన్ రోజుకు కావాలి. నీ 68 కిలోలకు 56 గ్రాముల పైచిలుకు. కండ కోసం పౌడర్లు తినొద్దని కూడా 2024లో చెప్పారు. మన కంచంలో ఆ 56 ఎక్కడొస్తాయంటే, గుడ్డుకు 6, గ్లాసు పాలకు 6, గుప్పెడు పల్లీలకు 7, చిన్న గిన్నె ముద్దపప్పుకు 7. అన్నం, రొట్టెల్లో కొంత ఎలాగూ ఉంటుంది. పొద్దున ఉప్మా తిని పరుగెత్తి, రాత్రి పచ్చిపులుసుతో రెండు ప్లేట్ల అన్నం లాగిస్తే సగం కూడా రాదు. ఉప్మా రోజున రెండు గుడ్లు ఉడకబెట్టుకో, లేదా పెసరట్టు వేసుకో. చారు మీద తేలే నాలుగు పప్పు బద్దలు లెక్కలోకి రావు. అన్నిటికంటే ముఖ్యం, అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే అలవాటు మానెయ్. ముక్కలన్నీ వాళ్ళకు, పులుసు నీకా? నీ కూర ముందే గిన్నెలో తీసిపెట్టుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. బిర్యానీ మానమనడం లేదు, హైదరాబాద్‌లో ఉండి అలా చెప్పడం పాపం. రాత్రి పదకొండింటికి ఆర్డర్ పెట్టేది మాత్రం మాను. ఆదివారం మధ్యాహ్నం తిని, వెంటనే మంచమెక్కకుండా కింద పావుగంట తిరిగిరా.

రోజూ ఏడు గంటల నిద్ర. ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్ పెట్టు. దీని మీద ఇంతకంటే చెప్పేది లేదు.

మీ అమ్మ విషయం కూడా రాసెయ్యాలి. "మోకాళ్ళు అరిగాయి, నడిస్తే ఇంకా అరుగుతాయి" అని ఎవరో చెప్పగా విని సోఫాకు అతుక్కుపోయింది. కూర్చునే కొద్దీ తొడ కండలు తగ్గుతాయి, భారమంతా కీలు మీద పడుతుంది, నొప్పి పెరుగుతుంది. రేపు ఆపరేషన్ దాకా వెళ్ళినా, ఆ ముందూ తర్వాతా తొడల బలమే ఆమెను నిలబెట్టేది. కాలు చాపి కూర్చుని, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టమను. టీవీ సీరియల్ చూస్తూ కూడా చేయొచ్చు. నువ్వు చెబితే వినదు, నాకు తెలుసు, నేను చెప్పినా చిన్నప్పుడు వినేది కాదు. దసరా తర్వాత ఒక నెల నా దగ్గరికి పంపించు. ఎక్స్‌రేలు, బీపీ మందుల చీటీ బ్యాగులో పెట్టడం మర్చిపోకు. మాది మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ సంగతి ముందే చెప్పకు, రానంటుంది.

ఇట్లు,
పెద్దమ్మ