రాయితీ టికెట్టు ఒక హక్కు, బండి ఎక్కగలగడం మరో హక్కు

ప్రశ్న: రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిన్న మా అమ్మాయి మూడేళ్లుగా చక్రాల కుర్చీలో ఉంటోంది. సదరం ధ్రువపత్రంలో 75 శాతం వైకల్యమని రాసి ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం రావడంతో వారం వారం రైల్లో రాకపోకలు తప్పడం లేదు. స్టేషనులో సదరం పత్రం చూపిస్తే, రాయితీకి అది చాలదన్నారు. ఇంత శాతం ఉన్నా ఎందుకు చాలదు?
– ఒక తండ్రి, వరంగల్ ప్రాంతం

జవాబు: రైల్వే రాయితీ శాతాన్ని బట్టి రాదండీ. చాలా కుటుంబాలు పొరబడేది సరిగ్గా ఇక్కడే. పింఛనుకైనా, ఉద్యోగ రిజర్వేషనుకైనా 40 శాతం అనే గీత ఉంటుంది కనుక, రైలుకూ అదే కొలత అనుకుంటాం. రైల్వే నియమం అడిగే ప్రశ్న వేరు: ఈ ప్రయాణికులు తోడు లేకుండా ప్రయాణం చేయగలరా, లేరా? కాళ్లూ చేతుల వైకల్యం, పక్షవాతం వంటివి ఉండి తోడు లేకుండా వెళ్లలేనివారు, మేధో వైకల్యం వల్ల తోడు లేకుండా వెళ్లలేనివారు, చూపు పూర్తిగా లేనివారు, వినికిడీ మాటా రెండూ లేనివారు – ఈ నాలుగు వర్గాలకే రాయితీ ఉంది. సదరం పత్రంలో శాతం ఉంటుంది గానీ, తోడు అవసరమన్న మాట రైల్వే కోరిన రూపంలో ఉండదు.

కాబట్టి మీరు ముందుగా రైల్వే రాయితీ ధ్రువపత్రం నమూనాను తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, సంబంధిత వైద్యులతో దాన్ని నింపించి, సంతకమూ ముద్రా వేయించుకోండి. తోడు లేకుండా ప్రయాణించలేరన్న వాక్యం అందులో స్పష్టంగా ఉందో లేదో అక్కడే చదివి చూసుకోండి. ఆ ఒక్క వాక్యం లేక తిరిగి వచ్చిన దరఖాస్తులు ఎన్నో. తర్వాత ఆ పత్రాన్ని, ఫొటోను, గుర్తింపు, చిరునామా, పుట్టిన తేదీ రుజువులను జతచేసి రైల్వేవారి దివ్యాంగుల గుర్తింపు కార్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. కేంద్రం ఇచ్చే దివ్యాంగుల విశిష్ట గుర్తింపు కార్డు (యూడీఐడీ) వేరు, ఈ కార్డు వేరు. ఇది చేతికి వచ్చాక దాని నంబరుతో ఇంట్లోనే కూర్చుని రాయితీ టికెట్టు తీసుకోవచ్చు. శాశ్వత వైకల్యమైతే ధ్రువపత్రం 25 ఏళ్ల వయసు వరకు ఐదేళ్లు, 26 నుంచి 35 ఏళ్ల మధ్యవారికి పదేళ్లు, ఆ పైబడినవారికి జీవితాంతం చెల్లుతుంది.

మీ అమ్మాయి వర్గానికి సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీ, ఏసీ చైర్ కార్లలో ఛార్జీపై 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీల్లో 50 శాతం తగ్గింపు ఉంటుంది. రాజధాని, శతాబ్ది రైళ్ల లెక్క వేరు. వెంట వెళ్లే ఒకరికీ అదే తగ్గింపు వర్తిస్తుంది. నెలవారీ సీజన్ టికెట్టుపై సగం రాయితీ ఉంది. స్లీపర్ తరగతిలో దివ్యాంగుల కోటా కింద నాలుగు బెర్తులు కేటాయిస్తారు, వాటిలో రెండు కింది బెర్తులు. 2020 మార్చిలో వృద్ధుల రాయితీని ఆపివేసినప్పుడు కూడా ఈ రాయితీని కొనసాగించారు కనుక, ‘అన్నీ తీసేశారట’ అని ఎవరైనా అంటే నమ్మకండి. స్టేషనులో చక్రాల కుర్చీ కావలసినా, దివ్యాంగుల పెట్టెలో ఇతరులు కూర్చుని కదలకపోయినా 139కి ఫోన్ చేయండి.

మీ ఉత్తరంలో రాయని సంగతి ఒకటి నన్ను బాధించింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు ఛార్జీ లేదు. అంటే మీ అమ్మాయి బస్సులో ఉచితంగానే రావచ్చు. అయినా మీరు రైలు గురించే అడిగారు. కుర్చీతో ఆ బస్సు మెట్లు ఎక్కడం ఎంత కష్టమో మీకు తెలుసు. కింది ప్రశ్న అడిగిన పాఠకుని బాధా అదే.

ప్రశ్న: నేను చంకకర్రల సాయంతో నడుస్తాను. పాస్ ఉంది గానీ బస్సు మొదటి మెట్టే మోకాలి ఎత్తున ఉంటుంది, పైగా బస్సు రోడ్డు మధ్యలో ఆగుతుంది. ఎక్కడానికి వీలైన బస్సు కావాలని అడిగే హక్కు నాకు ఉందా, లేక ఇది వారి దయమీద ఆధారపడిన విషయమా?
– ఒక పాఠకుడు

జవాబు: హక్కే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 41వ సెక్షను పూర్తిగా ప్రయాణం గురించే ఉంది. బస్టాపులు, రైల్వే స్టేషన్లు, టికెట్ కౌంటర్లు, మరుగుదొడ్లు, రోడ్లు, వాహనాలు అన్నీ దివ్యాంగులకు అందుబాటులో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని అది చెబుతుంది. పాత వాహనాలను మార్చే విషయంలో మాత్రం, సాంకేతికంగా సాధ్యమై, ఖర్చు భరించదగినదైతే అన్న మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును కొత్త బస్సుల కొనుగోలుకు కూడా అడ్డుపెట్టుకోవడం నా దృష్టిలో అన్యాయం. కేంద్ర మోటారు వాహన నియమాల సవరణ ప్రకారం 2020 మార్చి 1 నుంచి బస్సుల్లో ప్రాధాన్య సీట్లు, పట్టుకునే కడ్డీలు, చంకకర్రలు భద్రంగా ఉంచే ఏర్పాటు, చక్రాల కుర్చీ ఎక్కి నిలిచే వీలు ఉండాలి.

ఎత్తు సంగతి చూద్దాం. నగర బస్సుల కోసం కేంద్రం రూపొందించిన ప్రమాణాల్లో లో-ఫ్లోర్ బస్సు నేల రోడ్డుకు 400 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది, సాధారణ బస్సుది 900 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆ తేడా మామూలు మనిషికి ఒకటి రెండు మెట్లు, మీకు ఎక్కడానికీ ఎక్కలేకపోవడానికీ మధ్య ఉన్న హద్దు. చెన్నైలో న్యాయపోరాటం తర్వాత 2024లో, స్టాపులో ఒక పక్కకు ఒరిగి ర్యాంపు దించే లో-ఫ్లోర్ బస్సులు రోడ్డెక్కాయి. అయితే బస్సు ఎంత మంచిదైనా ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆగకపోతే ర్యాంపు పనికిరాదు. డ్రైవరుకు శిక్షణ ఇవ్వడానికి, స్టాపు ముందు ఆటోలు లేకుండా చూడడానికి కొత్త బస్సులు కొనేదాకా ఆగనక్కర్లేదు.

2024 నవంబరు 8న, అందుబాటు సౌకర్యాల కోసం రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా మీకు అండగా ఉంటుంది. అందుబాటు ప్రమాణాలను వట్టి సూచనలుగా వదిలేసిన, ఈ చట్టం కింద చేసిన నియమావళిలోని 15వ నియమం చట్టానికే విరుద్ధమని, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని ఆ తీర్పు ఆదేశించింది. ఆ కేసులో కోర్టు కోరిక మేరకు దేశంలోని పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రమే.

మీరు ముందుగా తేదీ, సమయం, రూటు నంబరు, బస్సు నంబరు రాసి డిపో మేనేజరుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఫలితం లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు రాయండి. కమిషనరుకు సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి విషయాల్లో సివిల్ కోర్టుకు ఉన్న అధికారాలు ఉన్నాయి. కమిషనరు సిఫారసు చేస్తే సంబంధిత సంస్థ దానిపై చర్య తీసుకుని మూడు నెలల్లో తెలియజేయాలి; అంగీకరించకపోతే కారణాన్ని అదే గడువులో కమిషనరుకూ మీకూ చెప్పాలి. ఫిర్యాదు రైల్వేలపై అయితే ఢిల్లీలోని ప్రధాన కమిషనరుకు పంపాలి.

ప్రశ్న: నాకు పుట్టుకతోనే వినిపించదు, కానీ కొంత మాట్లాడగలను. రైల్లో థర్డ్ ఏసీకి రాయితీ వస్తుందా?
– ఒక విద్యార్థిని

జవాబు: రాదమ్మా. ఈ వర్గానికి సెకండ్, స్లీపర్, ఫస్ట్ క్లాసుల్లో 50 శాతమే ఉంది, అది కూడా వినికిడీ మాటా రెండూ లేనట్టు వైద్యులు ధ్రువీకరిస్తేనే. మాట ఏ మేరకు వస్తే లేనట్టుగా పరిగణిస్తారో నిర్ణయించేది వైద్యులే కనుక, ముందుగా ప్రభుత్వ ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో పరీక్ష చేయించుకోండి. రైల్వే రాయితీ రాకపోయినా మీ సదరం పత్రంతో ఆర్టీసీ బస్ పాస్ కౌంటరులో విడిగా అడగండి. ఆ నియమాలు వేరు.