35 వేల ల్యాప్‌టాప్ కొనొచ్చా? వెనక మూత తీసి చూసేవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ: తమ్ముడికి బీటెక్ సీఎస్‌ఈలో సీటొచ్చింది, ఇంట్లో 35 వేలకి మించి పెట్టే పరిస్థితి లేదు, ఆ రేటులో ల్యాప్‌టాప్ తీసుకుంటే నాలుగేళ్లు లాగుతుందా, లేక డబ్బులు దండగా?

తీసుకోవచ్చు. నాలుగేళ్లు లాగేవి ఆ రేటులో ఉన్నాయి, ఏడాదికే మూలన పడేవి కూడా అదే రేటులో, అదే షోకేసులో పక్కపక్కనే ఉన్నాయి. చిక్కంతా అక్కడే. షాపులో ఆన్ చేస్తే రెండూ ఒకేలా చకచకా ఆన్ అవుతాయి, కొత్తలో ఏదైనా బాగానే ఉంటుంది. అందుకే నేను స్పీడు చూసి చెప్పను. రేపు అది నెమ్మదిస్తే, లేదా ఏదైనా పోతే, బాగు చేసుకోవడానికి అందులో చోటుందా లేదా అన్నదే నేను చూస్తాను. హన్మకొండలో ల్యాప్‌టాప్ సర్వీసు చేస్తాను కాబట్టి నా దగ్గరికి ఏ ల్యాప్‌టాప్ అయినా కొన్న ఉత్సాహం అంతా అయిపోయాకే వస్తుంది. యూట్యూబ్‌లో డబ్బా విప్పి వారం వాడి చెప్పేవాళ్ల మాటకీ నా మాటకీ తేడా రావడం సహజం.

పోయిన ఎండాకాలం నర్సంపేట వైపు నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మాయి బీటెక్ మొదటి సంవత్సరం. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బులతో ఆన్‌లైన్‌లో కొన్నారట, ల్యాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టి తెచ్చారు. మూత మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది. "తమ్మీ, వైరస్ వడ్డట్టుంది, జెర సూడు" అన్నాడు. ఆన్ చేశాను. డెస్క్‌టాప్ కనబడ్డాక కూడా నీలం సున్నా తిరుగుతూనే ఉంది. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంది, విండోస్ అప్‌డేట్ చోటు చాలక ఆగిపోవడం, మళ్లీ మొదలవ్వడం, మళ్లీ ఆగిపోవడం. వైరస్ లేదు, ఏమీ లేదు. ఇంటెల్ వాళ్ల చవక రకం సెలెరాన్ ఎన్4020 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ అనే చవక రకం స్టోరేజ్. ఆ అమ్మాయి అందులో వేసుకున్నది కూడా ఎంతని? సీ ప్రోగ్రాములకి కోడ్‌బ్లాక్స్, క్రోమ్, కాలేజీ వాళ్లు పంపిన పీడీఎఫ్‌లు, అంతే.

"ర్యామ్ ఏస్తే స్పీడ్ అయితదంట గదా. రెండు మూడు వేలైనా ఏం గాదు, ఎయ్" అన్నాడు. ఆయన ముందే వెనక మూత తీశాను. లోపల అరచెయ్యంత బోర్డు, ఒక బ్యాటరీ, రెండు చిన్న స్పీకర్లు, మిగతాదంతా ఖాళీ. ర్యామ్ స్లాట్, అంటే ర్యామ్ విడిగా గుచ్చే చోటు, లేదు, చిప్పులు బోర్డుకే అతికించి ఉన్నాయి. ఈఎంఎంసీ కూడా అంతే, గోరంత నల్ల చిప్పు, బోర్డు మీదే. నాకు బాగా కోపం తెప్పించింది ఇంకొకటి. బోర్డు ఒక మూల ఎం.2 ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే వేగమైన స్టోరేజ్ కార్డు) పెట్టే చోట బంగారు రంగు గీతలన్నీ వేసే ఉన్నాయి, స్క్రూ బిగించే రంధ్రం కూడా ఉంది. సాకెట్ మాత్రం పెట్టలేదు. అది కూడా అతికించి ఇచ్చి ఉంటే ఒక మామూలు ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్‌ని దాని మీదకి మార్చేవాణ్ని, చోటు గొడవ అక్కడితో తీరేది. అమ్మాయి తొంగి చూసి "ఇగ దీనికి ఏం చేయరాదా అన్నా?" అంది. వాళ్ల నాయన "ఇరవై నాలుగు వేలు పెట్టిన తమ్మీ" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు.

చేయగలిగింది చేశాను, విండోస్ తీసేసి తేలికపాటి లినక్స్ వేసిచ్చాను, సీ నేర్చుకోవడానికి అది చాలు. కానీ చూడండి, విండోస్ 11 ఎక్కడానికి కావాల్సిన కనీసం ఎంత అని మైక్రోసాఫ్ట్ రాసిందో (4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్) కంపెనీ సరిగ్గా అంతే ఇచ్చింది, పెంచుకునే దారి మూసేసింది. అది "ఎక్కడానికి" సరిపోయే లెక్క, పని చేసుకోవడానికి సరిపోయే లెక్క కాదు. ఇలాంటి దానిని ఎవరైనా 15 వేలకే ఇస్తామన్నా విద్యార్థికి కొనొద్దంటాను.

అందుకని నా లెక్క ఇది. ప్రాసెసర్ మార్చలేం. బోర్డుకి అతికించిన ర్యామ్ మార్చలేం. స్క్రీన్ మార్చొచ్చు గానీ ఖర్చు బాగా అవుతుంది. మీ 35 వేలు వీటి మీద పెట్టండి. ఎస్‌ఎస్‌డీ 256 జీబీయే ఉన్నా, ర్యామ్ 8 జీబీయే ఉన్నా పర్లేదు, పక్కన ఒక స్లాట్ ఖాళీగా ఉంటే చాలు. 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి, మెమరీ చిప్పులు చాలావరకు ఏఐ డేటా సెంటర్లకే పోతున్నాయి కాబట్టి. అయినా స్లాట్ ఉంటే రేటు దిగినప్పుడు వేసుకోవచ్చు, సెకండ్ హ్యాండ్ ర్యామ్ అయినా వేసుకోవచ్చు. స్లాటే లేకపోతే రేటు ఎంత దిగినా మనకేం లాభం? 8 జీబీ కూడా విస్తరించే వీలు లేకుండా అంతే ఉంటే మీ తమ్ముడికి మూడో సంవత్సరంలో తల నొప్పే. ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోకి కనీసం 8 జీబీ, ఎమ్యులేటర్ (కంప్యూటర్లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) కూడా నడపాలంటే 16 జీబీ అని గూగులే రాసింది. పైగా ఈ రేటులో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు, ఆ ఉన్న ర్యామ్‌లోంచే గ్రాఫిక్స్ కొంత తీసుకుంటుంది.

ఇక పేర్ల విషయం, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లలో రైజెన్ 5 అనగానే రైజెన్ 3 కంటే మేలనీ, 7000 సిరీస్ అనగానే కొత్తదనీ అనుకుంటాం. రైజెన్ 5 7520యూ, రైజెన్ 3 7320యూ రెండూ 2022లో వచ్చాయి, రెండిట్లోనూ నాలుగే కోర్లు (ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు), అవి కూడా 2019 నాటి జెన్ 2 డిజైన్‌వి. తేడా అంతా వేగంలోనే ఉంది, గరిష్ఠంగా మొదటిది 4.3, రెండోది 4.1 గిగాహెర్ట్జ్. రెండిటికీ ఎల్‌పీడీడీఆర్5 అనే రకం ర్యామ్ మాత్రమే పనిచేస్తుంది కాబట్టి వాటితో వచ్చే ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకి అతికించే ఉంటుంది. అదే 7530యూ అయితే ఆరు కోర్లు, జెన్ 3, స్లాటు కూడా దొరికే అవకాశం ఉంది. పేరులో ఒక్క అంకె తేడా! ఆ 7000 సిరీస్ నంబర్లలో మూడో అంకె చూడాలి, 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. ఇది ఏఎండీ వాళ్లే పెట్టిన పద్ధతి, కానీ షాపులో ఒక్కడూ చెప్పడు. ఇంటెల్ కూడా తక్కువ తినలేదు. 2023 నుంచి సెలెరాన్, పెంటియం పేర్లు తీసేసి ఉత్త "ఇంటెల్ ప్రాసెసర్" అని రాస్తోంది, సెలెరాన్ వద్దని తెలిసినవాళ్లు కూడా అది చూసి ఏదో కొత్తది కాబోలనుకుంటారు. ఐ3 అని రాసి ఉన్నా ఐ3-ఎన్305 వేరు, ఐ3-1215యూ వేరు. మొదటిదాంట్లో ఎనిమిదీ చిన్న కోర్లే (కరెంటు తక్కువ తినేవి, వేగం తక్కువవి), ర్యామ్‌కి డేటా వచ్చిపోయే దారి, అదే ఛానెల్, ఒకటే. రెండోదాంట్లో రెండు పెద్ద కోర్లు, నాలుగు చిన్నవి. మీ రేటులో నన్నడిగితే 1215యూతో వచ్చే, స్లాటున్న ల్యాప్‌టాప్ కొనమంటాను. పొలాల కాగితాలు తాకట్టు పెట్టి కొనేవాళ్లకి ఈ నంబర్ల లెక్క ఎవరు విడమరచి చెప్తారు? డబ్బా మీద ర్యామ్ అతికించినదా, స్లాటా అని పెద్దక్షరాల్లో రాయడం తప్పనిసరి చేయాలి, సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక వేసినట్టు.

విరిగేవాటిలో మొదటిది కీలు, అదే హింజ్. చవక ల్యాప్‌టాప్‌లలో కీలు స్క్రూలు ప్లాస్టిక్‌లో దిగేసిన చిన్న ఇత్తడి నట్లలోకి బిగిస్తారు. కీలు గట్టిగా ఉండి, రోజూ ఒక మూల పట్టుకుని స్క్రీన్ లేపుతుంటే ఆ ఇత్తడి నట్టు ప్లాస్టిక్‌తో సహా ఊడి వస్తుంది, మూత పక్కన సందు పడుతుంది, ఆ తర్వాత డిస్‌ప్లే కేబుల్ నలుగుతుంది. షాపులో స్క్రీన్ నెమ్మదిగా తెరిచి చూడండి, కీలు దగ్గర ప్లాస్టిక్ కదిలినట్టు, కిర్రుమన్నట్టు అనిపిస్తే ఆ మోడల్ వదిలేయండి. తెరిచేటప్పుడు ఎప్పుడూ మధ్యలో పట్టుకుని తెరవమని తమ్ముడికి గట్టిగా చెప్పండి.

స్క్రీన్ గురించి ఎక్కువ చెప్పను. ఫుల్ హెచ్‌డీ ఉండాలి, 1366x768 వద్దు, కోడ్ రాసేవాడికి నిలువునా చాలదు. స్క్రీన్ వెనక్కి వంచినప్పుడు రంగులు తిరగబడితే అది టీఎన్ అనే చవక రకం ప్యానెల్, పగలంతా చూస్తే కళ్లు లాగేస్తాయి.

ఇప్పుడు మీరు అడగని మాట ఒకటి. అసలు మొదటి సంవత్సరంలోనే ల్యాప్‌టాప్ ఎందుకు? చాలా కాలేజీలు చేరిన వారానికే "ఐ5, 16 జీబీ తప్పనిసరి" అని కాగితం చేతిలో పెడతాయి. ఆ ఏడాది చెప్పేది సీ లాంగ్వేజీ, కొంచెం పైథాన్. దానికి ఐ5 ఎందుకో ఆ కాగితం రాసినవాళ్లని అడగాలి. కాలేజీలో ల్యాబ్ ఉంటుంది, ల్యాబ్ ఫీజు కడతాం, సాయంత్రం నాలుగున్నరకి తాళం వేస్తారు. హాస్టల్ పిల్లల కోసం ఆ ల్యాబ్ రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచితే ఎన్ని ఇళ్లలో అప్పు తప్పుతుందో! ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లల తల్లిదండ్రులకి 60 వేల ల్యాప్‌టాప్ చెప్పడానికి వాళ్లకి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు. మీ తమ్ముడి కాలేజీలో ల్యాబ్ వాడుకోనిస్తే ఒక సెమిస్టర్ ఆగి కొనండి, ఈలోపు ఇంకో అయిదు వేలు పోగవుతాయి.

ఇంకో దారి ఉంది, నేను మా అక్క కొడుక్కి ఆ దారిలోనే ఇప్పించాను. కంపెనీలు వాడి అమ్మేసే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అంటారే, అక్కడ కుప్పలుగా దొరుకుతాయి. మీ బడ్జెట్‌లో కొత్తదానికంటే గట్టి బాడీ, మంచి కీబోర్డు వస్తాయి, చాలా మోడళ్లలో రెండు ర్యామ్ స్లాట్లు ఉంటాయి. కానీ ఇంటెల్ అయితే 8వ జనరేషన్ కంటే పాతది తీసుకోవద్దు. 7వ జనరేషన్ వరకు ఈ రకం ఐ5లో రెండే కోర్లు, 8 నుంచి నాలుగు. పైగా విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోయింది, విండోస్ 11 అధికారికంగా 8వ జనరేషన్ నుంచే ఎక్కుతుంది. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్లి చూపించమనండి, పాస్‌వర్డ్ అడిగితే ఆ ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దు, అది పాత కంపెనీ తాళం. బ్యాటరీ మాత్రం మార్చాల్సి వస్తుందని ముందే లెక్కలో వేసుకోండి.

కొత్తదే కొనాలనుకుంటే షాపుకి వెళ్లినప్పుడు ఈ ఒక్క పని చేయండి. డెమో పీస్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. కింద ఫామ్ ఫ్యాక్టర్ అని ఉంటుంది. దాని పక్కన "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ర్యామ్ బోర్డుకి అతికించినదే, "ఎస్ఓడిమ్" అని ఉంటే స్లాటులో పెట్టినది. స్లాట్స్ యూజ్డ్ దగ్గర రెండిట్లో ఒకటి వాడినట్టు చూపిస్తే మంచిదే, కానీ అతికించిన ర్యామ్‌ని కూడా ఒక్కోసారి స్లాటులాగే లెక్కిస్తుంది, కాబట్టి మోడల్ పూర్తి నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో కూడా చూసుకోండి. సేల్స్ కుర్రాడు "అన్నీ ఎక్స్‌పాండ్ అవుతాయి సార్" అంటే నోటి మాట కింద తీసుకోకండి, బిల్లు మీద రాయించండి. రాయనంటే మీకు జవాబు దొరికినట్టే.

నో కాస్ట్ ఈఎంఐ అంటే కూడా ఆగి అడగండి. చాలావాటిలో వడ్డీ ఎంతో అంత డిస్కౌంట్ ఇస్తారు గానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మనమీదే పడతాయి. చేతిలో డబ్బుంటే ఒకేసారి కట్టేయండి.

మీరు ఏ మోడల్ అనుకుంటున్నారో దాని వెనక స్టిక్కర్ మీదున్న నంబరు మొత్తం, చివరి అక్షరాలతో సహా ఇక్కడ రాయండి. అందులో స్లాటుందో లేదో, కీలు ఎలాంటిదో నాకు తెలిసినంత చెప్తాను.