హెచ్‌ఓ (అసలు కొలతలో 87వ వంతు) మోడల్ రైల్వే లేఅవుట్‌లో తారు రోడ్డు, స్టేషన్ ముందు పార్కింగ్ సహజంగా రావాలంటే ఏం చేయాలి?

భీమవరం వైపు చిన్న స్టేషన్‌ని హెచ్‌ఓలో కడుతున్నానని, ఎమెరీ పేపరు అతికించి నల్ల రంగు వేస్తే రోడ్డు బొమ్మలా ఉందని రాశారు. తప్పు నలుపుదండి. తారు నల్లగా ఉండేది వేసిన కొత్తలోనే. తర్వాత ఎండకి వెలిసి, కంకర తేలి బూడిద రంగుకి తిరుగుతుంది. తెలుపు నాలుగైదు పాళ్లకి నలుపు ఒక పాలు కలపండి. ఆ రెండే అయితే నీలి ఛాయ కొడుతుంది, రా అంబర్ (మట్టి గోధుమ రంగు) ఒక చుక్క వేస్తే అది పోతుంది.

ఎమెరీ పేపరు గరుకు కూడా లెక్క చూసుకోవాలి. 120 నంబరు గింజ దాదాపు 0.125 మి.మీ. ఉంటుంది, 87తో గుణిస్తే 11 మి.మీ. కంకర. 400 నంబరైతే 3 మి.మీ.కి దిగుతుంది కానీ లైటు పడితే తళుక్కుమంటుంది. స్టేషనరీ షాపులో దొరికే 2 మి.మీ. ఫోమ్ షీటు దీనికన్నా మేలు, గోటితో అంచు చిదపవచ్చు, సూదితో పగులు గీయవచ్చు.

వెడల్పు: రెండు లేన్ల రోడ్డు 7 మీటర్లు, అంటే 80 మి.మీ. ఒక్క లేను 3.75 మీటర్లు, 43 మి.మీ. కాలవ గట్టు రోడ్డుకి ఈ 43 చాలు, 80 పెడితే హైవే అయిపోతుంది. నీరు జారడానికి వాలు 2.5 శాతం అనుకుంటే 80 మి.మీ. రోడ్డు నడుమ 1 మి.మీ. ఎత్తు రావాలి. ఫోమ్ కింద మధ్యలో 1 మి.మీ. అట్టముక్క సన్నగా అతికిస్తే సరిపోతుంది. ఆ కాస్త ఉబ్బే రోడ్డుకి ప్రాణం.

అసలు పని అంచుల్లో ఉంది. మన నల్లమట్టి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది కాబట్టి పగుళ్లు అంచు వెంట పొడుగ్గా వస్తాయి, సాలెగూడులా గీయకండి. తారు అంచుని అక్కడక్కడ కొరికినట్టు తుంచండి. పక్కన 10 మి.మీ. మేర, మెట్ట నుంచి తెచ్చి పోసే ఎర్ర గ్రావెల్ రంగు, దాని తర్వాతే నల్లమట్టి, గడ్డి. చేలోంచి ట్రాక్టరు రోడ్డెక్కే చోట బురద మరకలు మొదట దట్టంగా, పోను పోను పలచగా వేయండి. ధాన్యం ఆరబోసినట్టు చూపాలంటే రవ్వ వద్దు: గింజ అర మి.మీ. అంటే అసలు కొలతలో 4 సెం.మీ. పైమాటే, పైగా చీమలు పడతాయి. పసుపు పాస్టెల్ సుద్ద పొడి చాలు.

మట్టి, ఇసుక వాడితే పాత మూకుడులో వేయించి, టీ వడపోతలో, ఆపైన పలచటి గుడ్డలో జల్లించి, కాగితం మీద పరిచి అయస్కాంతం తిప్పండి. ఇది మానకండి. గోదావరి ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే నల్లరేణువులు ఉంటాయి, ఇంజను మోటారు వాటిని లాక్కుంటుంది, గేర్లు అరిగిపోతాయి. అతికించడానికి ఫెవికాల్ ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క.

గేటు దగ్గర పట్టాల మధ్య రోడ్డు పట్టా తలకన్నా అర మి.మీ. కిందే ఉండాలి, చక్రం అంచుకి పట్టా పక్కన 1.5 మి.మీ. సందు వదలాలి.

పార్కింగ్‌కి తారు కాకుండా సిమెంటు నేల వేస్తే స్టేషన్ రోడ్డు నుంచి విడిగా కనబడుతుంది. 3 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ ఫోమ్ పలక) మీద 50 మి.మీ.కి ఒక గీత, సిమెంటు పలకల మధ్య అతుకులా, రంగు తారుకన్నా లేతగా, కాస్త పసుపు కలిసి. కారు గడి 29 × 57 మి.మీ., ఆటోకి 30 మి.మీ. పొడవు. తెల్లగీత 1 మి.మీ. దాటకూడదు. వేశాక టైర్లు దాటే చోట 600 నంబరు ఎమెరీతో రుద్ది చెరపండి. నూనె మరకలు గడిలో ఇంజను ఉండే చోటే పడాలి: కారుకి ముందు, ఆటోకి వెనక.

సన్‌బోర్డుకి ఒకవైపే రంగు వేస్తే వంగుతుంది, రెండువైపులా వేయండి. మ్యాట్ వార్నిష్ స్ప్రే మాత్రం ముసురు రోజుల్లో కొట్టకండి. గాలిలో తేమకి పాలలా తెల్లబడి, వేసిన రంగంతా దాని కింద మాసిపోతుంది. పొడి ఎండ ఉన్న మధ్యాహ్నం, పలచగా రెండు పూతలు చాలు.