పిల్లల పేరుతో గుమ్మం ఎక్కే బేరాల గురించి అమ్మాయికి

గుణుపురం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయిని పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. పాపకు పెట్టమని మందుల దుకాణంలో చూపించిన డబ్బా, బాబుకు చేయించమంటున్న వేలిముద్రల పరీక్ష కరపత్రం, నెలనెలా డబ్బు కట్టమంటున్న చదువుల యాప్ సందేశం, ఈ మూడింటిలో ఏది అవసరమో చెప్పమని అడిగావు. అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా మన రాయగడ జిల్లాలో పనిచేసినన్నాళ్లూ తల్లుల దగ్గరికి ఇటువంటి బేరాలు రావడం దగ్గరగా చూసినదాన్ని కనుక, ఫోనులో రెండు మాటలతో తేల్చకుండా ఉత్తరం రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. డబ్బు కట్టే విషయంలో మీరిద్దరూ ఒక మాట మీద ఉండాలి.

ముందుగా ఈ అమ్మకందారులు మీ దాకా ఎలా వస్తున్నారో తెలుసుకో. పాపకు ఆరో నెల నిండిన వారంలోనే బేబీ ఫుడ్ గురించి సందేశం వచ్చిందని, వాళ్లకెలా తెలిసిందోనని ఆశ్చర్యపడ్డావు. నువ్వు కడుపుతో ఉన్నప్పుడు ఫోనులో వేసుకున్న యాప్‌లో కాన్పు తేదీ ఇచ్చావు. పిల్లల బట్టల దుకాణంలో లక్కీ డ్రా చీటీ మీద పాప పుట్టినరోజు, మీ ఫోను నంబరు రాశావు. ఆ తేదీ ఒక్కటి చేతికి చిక్కితే, ఏ నెలలో ఏ బెంగ నీ మనసులో ఉంటుందో లెక్క కట్టడం కష్టం కాదు. ఆరో నెలలో తిండి, తొమ్మిదో నెలలో నడక, రెండో ఏట మాటలు, మూడో ఏట బడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022 ఫిబ్రవరిలో ఒక నివేదిక వెలువరించాయి. 8 దేశాల్లో 8,500 మంది తల్లిదండ్రులను, గర్భిణులను అడిగితే, సగం మందికి పైగా తమను గురిచేసుకుని డబ్బాపాల ప్రచారం జరిగిందని చెప్పారు. తల్లుల క్లబ్బులు, ఉచిత సలహాల ఫోను లైన్లు, బహుమతులు కూడా ఆ ప్రచారంలో భాగమేనని ఆ నివేదిక చెప్పింది. కనుక ఆసుపత్రి కాగితాల మీద తప్ప మరెక్కడా పిల్లల పుట్టినరోజు, మీ నంబరు కలిపి ఇవ్వవద్దు. ఇప్పటికే ఇచ్చిన యాప్‌ల నుంచి మీ ఖాతా తీసివేయించండి.

ఇక డబ్బా సంగతి. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. మన దేశంలో శిశువుల పాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాలు, శిశు ఆహారాలకు సంబంధించి 1992లో ఒక చట్టం వచ్చింది, 2003లో దాన్ని మరింత గట్టిగా సవరించారు. రెండేళ్ల లోపు పిల్లల కోసం అమ్మే డబ్బాపాలను, పాలసీసాను, బేబీ ఫుడ్‌ను ఏ రూపంలోనూ ప్రచారం చేయకూడదు. ఉచితంగా నమూనా ఇవ్వకూడదు, కూపన్లు, గిన్నెలు, బొమ్మలు ఆశ చూపకూడదు, అమ్మకం పెంచుకోవడానికి కంపెనీవాళ్లు గర్భిణిని గాని పసిబిడ్డ తల్లిని గాని కలవకూడదు, ఆసుపత్రి గోడ మీద బొమ్మలు పెట్టకూడదు, డాక్టరుకో నర్సుకో కానుకలు ఇవ్వకూడదు. డబ్బా మీద పసిపిల్ల బొమ్మ గాని, తల్లి బొమ్మ గాని ఉండకూడదు. దీన్ని మీరితే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరమవుతుంది. ఇంత గట్టి చట్టం ఎందుకు అవసరమైందో నాకు కళ్లారా తెలుసు. నేను పనిచేసిన ఒక పల్లెలో ఒక తల్లి, ఖరీదైన డబ్బా ఎక్కువ రోజులు రావాలని పొడి తగ్గించి నీళ్లు పెంచి కలిపేది. ఆ నీళ్లు కాచినవీ కావు. ఆ బిడ్డకు విరేచనాలు పట్టుకుని బరువు పడిపోతుంటే, బలానికి పట్టిస్తున్నానని ఆ తల్లి నమ్మకంగా చెప్పిన తీరు ఇప్పటికీ నా మనసును కలచివేస్తుంది.

చట్టం రెండేళ్ల దగ్గర ఆగిపోతుంది కనుక, రెండేళ్లు దాటిన పిల్లలకంటూ అమ్మే పాలపొడిని అదే పేరుతో, అదే రంగు డబ్బాలో పెట్టి బాహాటంగా ప్రచారం చేయడం ప్రపంచమంతటా ఉంది. పెద్ద పిల్లవాడి డబ్బా ప్రకటన చూసిన తల్లికి పసిబిడ్డ డబ్బా కూడా గుర్తుండిపోతుంది. దుకాణంవాడు నీకు ఇచ్చిన తగ్గింపు కూపన్ రెండేళ్ల లోపు బిడ్డ ఆహారానిదే కనుక, దాన్ని తీసుకోకుండా తిరిగి ఇచ్చేయి. అతనితో గొడవ పడనక్కరలేదు, అతను మన ఊరివాడే. ఇలా ఇవ్వడం చట్టవిరుద్ధమని మాత్రం నెమ్మదిగా చెప్పు.

ఒక్క మాట ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. పాలు చాలని తల్లులుంటారు, జబ్బుతో ఇవ్వలేని తల్లులుంటారు, తల్లి లేని బిడ్డలుంటారు. డాక్టరు చూసి డబ్బాపాలు రాసినప్పుడు అవి పట్టడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నిర్ణయం బిడ్డను పరీక్షించిన మనిషిది కావాలి, అమ్మకం మీద కమీషన్ వచ్చే మనిషిది కాకూడదు.

పాపకు ఎనిమిది నెలలు. ఈ వయసులో తల్లిపాలతో పాటు రోజుకు రెండు మూడుసార్లు మెత్తని, చెంచాలో నిలిచేంత చిక్కని తిండి చాలు. తొమ్మిది నెలలు నిండాక మూడు నాలుగుసార్లు చేయి. మీ వీధిలోని అంగన్‌వాడీ దీది ఇచ్చే ఛతువాను వాడుకో. గోధుమ, శనగ, వేరుశనగ, చక్కెర కలిపి మహిళా సంఘాలవాళ్లు తయారుచేసేది అది. అందులో తీపి ముందే ఉంది కనుక మళ్లీ పంచదార వేయవద్దు. చోళ్లు, అంటే రాగులు, మన ఇళ్లలో ఎప్పుడూ ఉండేవే. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. మొలకెత్తించి ఎండబెట్టి పట్టించిన చోళ్ల పిండితో జావ కాచి, ఒక చెంచా నెయ్యో నూనో కలుపు. పెసరపప్పు, మెత్తగా ఉడికించిన ఆకుకూర, ఉడికిన గుడ్డు పచ్చసొన కొద్దికొద్దిగా అలవాటు చేయి. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు, అత్తగారు పట్టుబట్టినా సరే. రక్తం పట్టడానికని ఖరీదైన సిరప్‌లు కొనబోయే ముందు ఆశా దీదిని అడుగు. ఆరు నెలలు దాటిన బిడ్డకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున పట్టే ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఇస్తుంది.

ఎప్పుడైనా డబ్బా ఆహారం కొనవలసి వస్తే ముందువైపు రాతలు చూడవద్దు, వెనకవైపు పదార్థాల పట్టిక చదువు. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలన్నది నియమం. మూడో నాలుగో స్థానంలో చక్కెర గాని, పిండిపదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి గాని కనిపిస్తే ఆ డబ్బాను అక్కడే పెట్టేయి. బాబుకు పాలలో కలిపే చాక్లెట్ పొడి కూడా అంతే. మన ఆహార భద్రతా చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే వర్గమే లేదని, అటువంటి పానీయాలను ఆ పేరు కింద అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది.

వేలిముద్రల పరీక్ష గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చేయించవద్దు. వేలి గీతలు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడి జీవితమంతా అలాగే ఉంటాయన్నది నిజం. కొన్ని పుట్టుకతో వచ్చే సమస్యలున్న పిల్లల అరచేతి గీతల్లో తేడా కనిపిస్తుందన్నదీ నిజం. కరపత్రం ఈ రెండు నిజాలను ముందు పెట్టి, వాటి వెనకాల మీ బాబు ఇంజనీరవుతాడో పాటగాడవుతాడో చెప్పగలమనే మాటను నడిపిస్తున్నది. ఆ రెండో మాటకు శాస్త్రీయ ఆధారం లేదని భారత మనోవైద్యుల సంఘం ప్రకటించింది. ఆ కరపత్రంలో ఎనిమిది రకాల తెలివితేటల పటం వేశారు కదా, ఆ బహుళ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని 1983లో చెప్పిన హోవర్డ్ గార్డ్‌నర్ కూడా ఈ పరీక్షలను సమర్థించలేదు. మూడేళ్ల బిడ్డ మీద ఒక ముద్ర వేసేస్తే, నష్టం కట్టిన డబ్బుతో ఆగదు. లెక్కల్లో వెనకబడతాడని కాగితం మీద చూసిన తల్లి ఆ తర్వాత ఆ బిడ్డతో లెక్కల ఆట ఆడటం మానేస్తుంది. కళ్లకు గంతలు కట్టి చదివిస్తామనే ‘మిడ్‌బ్రెయిన్’ శిక్షణ వాళ్లు కూడా రేపో మాపో వస్తారు. ముక్కు పక్కన గంత కింద మిగిలే సందులోంచి పిల్లలు చూస్తారు, ఆ సందు మూసి పరీక్షించినచోట ఎవరూ చదవలేకపోయారు. అందులో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, పసివాళ్లకు అబద్ధం ఆడటం అలవాటవుతుంది.

మెదడు ఆరేళ్లకే తొంభై శాతం పెరిగిపోతుందని, ఇప్పుడు చేర్చకపోతే అవకాశం పోయినట్టేనని ఆ వేలిముద్రల పరీక్ష అబ్బాయి నిన్ను భయపెట్టాడని రాశావు. మెదడు పరిమాణం ఆ వయసుకు దాదాపు అంత పెరుగుతుంది, అందులో అబద్ధం లేదు. ఆ పెరుగుదలకు ఏమి కావాలన్నదే మనం అడగవలసిన ప్రశ్న. 1986, 1987 ప్రాంతంలో జమైకాలో, ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. కొందరి ఇళ్లకు వారానికోసారి ఒక ఆరోగ్య కార్యకర్త వెళ్లి, ఇంట్లో పారేసే సీసాలు, డబ్బాలు, గుడ్డలతో చేసిన బొమ్మలతో బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించేది. రెండేళ్లు అలా చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ పిల్లల సంపాదన మిగిలినవారి కంటే పాతిక శాతం ఎక్కువగా ఉంది. అదే పద్ధతిని మన ఒడిశాలో కటక్ బస్తీల్లోను, ఆ తర్వాత పల్లెల్లోను ప్రయత్నించి చూశారు. పిల్లల తెలివితేటల పరీక్షల్లో మెరుగుదల కనిపించింది. పల్లెల్లో తల్లులను గుంపుగా కూర్చోబెట్టి నేర్పినా, ఇంటింటికీ వెళ్లి నేర్పినంత ఫలితం వచ్చింది. తల్లిదండ్రుల కోసం పెట్టే మంచి కార్యక్రమానికి ఇది నాకు తెలిసిన ఉత్తమమైన నమూనా. అక్కడ తల్లి చేతికి ఒక పని వచ్చింది, ఆ పని ఆ కార్యక్రమం వెళ్లిపోయాక కూడా ఇంట్లోనే ఉంది. నిన్ను ఎవరైనా ఏ కార్యక్రమంలోనైనా చేరమంటే, అది ముగిశాక నీకు ఏమి చేతనవుతుందని అడుగు. మరో స్థాయి కొనవలసి ఉంటుందని జవాబు వస్తే చేరవద్దు.

యాప్ విషయంలో తొందరపడవద్దు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వారికి పెద్దలు పక్కనుండి రోజుకు గంటకు మించకుండా మాత్రమేనని మన పిల్లల వైద్యుల సంఘం చెబుతున్నది. అంటే పాపకు ఏ చదువుల వీడియో అక్కరలేదు, బాబుకు డబ్బు కట్టి కొనేంత అవసరం లేదు. 2021 డిసెంబరు 23న కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక జారీ చేసింది. మొదట ఉచితమని చెప్పి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే అనుమతికి సంతకం పెట్టించుకుంటారని, నిబంధనలన్నీ చదవకుండా ఒప్పుకోవద్దని అందులో ఉంది. అల్లుడుగారు ‘ఏడు రోజులు ఉచితం’ అని నొక్కినప్పుడు అటువంటి ఆటోపే అనుమతి ఇచ్చే ఉంటారు. డబ్బు తీసుకోబోయే 24 గంటల ముందు సందేశం రావాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, కాని ఆ సందేశాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. డబ్బు పంపే యాప్‌లోని ఆటోపే జాబితాకు వెళ్లి ఈరోజే రద్దు చేయించు. ఫీజు వాయిదాల్లో కట్టవచ్చంటే, అది వాయిదాయా లేక నీ పేరున ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పా అని అడిగి రాతపూర్వకంగా తీసుకో. అప్పయితే, బాబు మానేసినా కంతులు ఆగవు. డబ్బు తిరిగి ఇవ్వకపోతే 1915కు ఫోను చేయవచ్చు, అక్కడ తెలుగులోను ఒడియాలోను మాట్లాడవచ్చు.

ప్లేస్కూలు గురించి కూడా అడిగావు. బాబును పంపించు, తప్పులేదు. 2017లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలి. బోర్డు మీద ఉన్న పెద్ద పేరును చూడకుండా పిల్లలు ఉన్న వేళలో వెళ్లి ఆ లెక్క చూడు, నీళ్లు, మరుగుదొడ్డి చూడు. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు రాదని వాళ్లు చెప్పిన మాటను పట్టించుకోవద్దు. మన వైపు పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా తడుముకోకుండా మాట్లాడుతూ పెరుగుతున్నారు, ఇంగ్లీషు మూడోదిగా వస్తుంది. బాబుతో మాట్లాడటం తగ్గిస్తే మాత్రం ఏ భాషా సరిగా రాదు.

వాకర్ కొనవద్దు. అది నడక నేర్పదు, మెట్ల మీది నుంచి పడటం, పొయ్యి దగ్గరికి వెళ్లడం వంటి ప్రమాదాలు జరుగుతాయి. కెనడాలో 2004లోనే దాని అమ్మకం నిషేధించారు. పాప చదువుకంటూ బీమా ఏజెంటు వస్తే, ముందు పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవండి. ఏడాదికి 250 రూపాయలతో కూడా అది నడుస్తుంది. బీమా ఎవరికైనా కావాలంటే అది సంపాదించే అల్లుడుగారి మీద ఉండాలి.

ఇప్పుడు చేయవలసినవి రాస్తున్నాను. ఈరోజు ఆటోపే రద్దు చేయించు. వేలిముద్రల అబ్బాయి ఆదివారం వస్తానన్నాడు కదా, రావద్దని అల్లుడుగారి చేత ఫోను చేయించు, ఇంటికి వచ్చాక కాదనడం మన ఇళ్లలో కష్టమవుతుంది. ఈ నెల మమతా దివస్ నాడు, అంటే అంగన్‌వాడీలో తల్లీబిడ్డలను చూసే రోజున, పాపను తీసుకువెళ్లి తూకం వేయించు, ఐరన్ సిరప్ అడిగి తీసుకో, తొమ్మిది నెలలు నిండాక వేయవలసిన టీకా తేదీ రాయించుకో. కార్డులో ఎదుగుదల గీత ఉన్న పేజీని ఫొటో తీసి నాకు పంపించు. గీత పడుకున్నట్టు కనిపిస్తే తిండి ఎలా మార్చాలో వెంటనే రాస్తాను.

మీ పెద్దమ్మ